అవతలి వైపు ఏముంటుంది?

బల్ల మీద అరచేతిలో ఇమిడే ఇనుప దిమ్మ. ఒక పక్క మెట్టులా చెక్కి ఉంది, ఇంకో పక్క గాడి ఉంది, మధ్యలో పైనుంచి కిందిదాకా ఒక రంధ్రం. పక్కనే తెల్లకాగితం, పెన్సిలు. "దీనికి ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ, సైడ్ వ్యూ గీయండి" అంటారు ఇంటర్వ్యూ చేసే పెద్దాయన. రెజ్యూమెలో ఆటోకాడ్, కేటియా, సాలిడ్‌వర్క్స్ అని వరసగా రాసుకున్న కుర్రాడు ఆ దిమ్మ వంకా ఆయన వంకా చూసి, "సిస్టమ్ ఇస్తారా సార్?" అంటాడు.

సిస్టమ్ ఇస్తే గీసేస్తాడు, అందులో అనుమానం లేదు. ఆయన చూడాలనుకుంటున్నది వేరే ఉంది. ఒక వస్తువుని ఇటునుంచి చూసి అవతలి వైపు ఏముంటుందో చెప్పగలరా? తలకిందులు చేస్తే ఎలా కనబడుతుందో, అడ్డంగా కోస్తే లోపల ఏ ఆకారం బయటపడుతుందో ముట్టుకోకుండానే ఊహించగలరా? దీన్నే స్పేషియల్ ఎబిలిటీ అంటున్నారు. మన కోచింగ్ సెంటర్ల లెక్కలో ఇది నాన్-వెర్బల్ రీజనింగ్‌లో ఓ మూల. పాచికలు, ఘనాలు, కాగితం మడతలు, అద్దంలో బొమ్మలు అని నాలుగు చాప్టర్లు చేసి, చివరి వారంలో ఓసారి తిరగేసి వదిలేస్తాం.

ఉద్యోగంలో చేరాక అది చివరి వారం దాకా ఆగదు. మెట్లెక్కుతుంటే బీము నెత్తికి తగిలే డూప్లెక్స్ ఇల్లు మీరూ ఎక్కడో చూసే ఉంటారు. ఆర్కిటెక్ట్ ప్లాన్‌లో మెట్లు బాగానే ఉన్నాయి. స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో బీమూ బాగానే ఉంది. రెండు కాగితాల్నీ మనసులో ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, ఎనిమిదో మెట్టు మీద నిలబడ్డ మనిషి తల ఎంత ఎత్తున ఉంటుందో చూసుకున్నవాళ్ళే లేరు. స్లాబు పడ్డాక ఇంక చేసేదేముంది? 'తల జాగ్రత్త' అని ఓ స్టిక్కరు అంటించడమే.

ఈ శక్తి ఇంజనీర్లకి మాత్రమే అక్కర్లేదు. బ్లౌజు కుట్టడం చూడండి. చేతి గుడ్డకి చంక దగ్గర ముందు వైపు వంపు కాస్త లోతుగా ఉంటుంది, వెనక వైపు తక్కువగా ఉంటుంది. అందుకని కుడి చెయ్యి, ఎడమ చెయ్యి ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. గుడ్డని రెండు మడతలు చేసి ఒకేసారి కత్తిరిస్తే జత తప్పదు. గుడ్డ చాలక ముక్కల్లోంచి విడివిడిగా తీయాల్సి వచ్చినప్పుడే ఉంది కథ. కాగితం కటింగుని రెండోసారి తిరగేసి పెట్టాలి. మర్చిపోయి మొదటిసారి పెట్టినట్టే పెట్టి గీస్తే రెండూ కుడిచేతులే అవుతాయి. ప్రింటు గుడ్డ అయితే వెనక్కి తిప్పి వాడుకునే దారి కూడా లేదు. నేర్చుకునే కొత్తలో ప్రతి కుట్టు సెంటర్లోనూ ఎవరో ఒకరు ఈ పని చేస్తారు, ఒకసారి తిట్లు తిన్నాక జన్మలో మళ్ళీ చేయరు. ఏళ్ళ తరబడి పొరపాటు లేకుండా జతలు కత్తిరిస్తున్న ఆమెని మాత్రం 'మీకు స్పేషియల్ ఎబిలిటీ ఉందా' అని ఎవరూ అడగరు. అడిగితే ఆమె కూడా "అబ్బే, అవన్నీ చదువుకున్నవాళ్ళకండీ" అనేస్తుంది.

కారు డోర్లు డిజైన్ చేసే ఆఫీసులో జరిగే తప్పూ ఇదే. లెఫ్ట్ హ్యాండ్ పార్టు ఉంది, రైట్ హ్యాండ్ పార్టు కావాలి. ఉన్నదాన్ని తిప్పితే రాదు, మిర్రర్ చేయాలి. తిప్పడానికీ అద్దం పెట్టడానికీ తేడా తెలియని మనిషి చేతికి సాఫ్ట్‌వేర్ ఇస్తే తప్పు ఇంకాస్త వేగంగా చేస్తాడు.

అందుకే ఈ పరీక్షలు. "మనకి ఇవి రావులే, పుట్టుకతోనే ఉండాలి" అనుకునేవాళ్ళు కాస్త ఆగండి. ఈ విషయం మీద గట్టిగా పనిచేసిన మనిషి ఒకావిడ ఉన్నారు, షెరిల్ సోర్బీ. అమెరికాలో మిషిగన్ టెక్‌లో ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా చేశారు. అన్ని సబ్జెక్టులూ అలవోకగా చదివిన ఆవిడ ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ దగ్గర మాత్రం తల పట్టుకున్నారట. ఆ సంగతి ఆవిడే బహిరంగంగా చెప్పుకున్నారు. 1993లో ఆవిడ ఒక ఏర్పాటు చేశారు. కాలేజీలో చేరగానే పిల్లలకి వస్తువుల్ని మనసులో తిప్పే 30 ప్రశ్నల పరీక్ష పెట్టడం, అందులో 60 శాతం దాటనివాళ్ళని ప్రత్యేక కోర్సుకి పిలవడం. ఆ కోర్సులో ఏముంది? ఒకదానికొకటి తగిలించే చిన్న ఘనాలు, పెన్సిలు, చుక్కల కాగితం. పేర్చు, గీయి, తిప్పు, మళ్ళీ గీయి. అంతే. ఆ కోర్సు చేసినవాళ్ళ స్కోర్లు పెరిగాయి, తర్వాతి గ్రాఫిక్స్ క్లాసుల్లో మార్కులు బాగుపడ్డాయి, ముఖ్యంగా అమ్మాయిలు ఇంజనీరింగ్ మధ్యలో వదిలేయడం తగ్గింది. తర్వాత 2013లో డేవిడ్ ఉటాల్ బృందం ఇలాంటి 217 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. శిక్షణ ఇస్తే ఈ శక్తి పెరుగుతుంది, పెరిగింది వెంటనే కరిగిపోదు, నేర్పని రకం ప్రశ్నల్లో కూడా ఉపయోగపడుతుంది అని తేలింది.

అంటే మీ స్కోరు మీ తలరాత కాదు, ఇన్నాళ్ళూ మీ చేతులు ఏం చేశాయో దాని లెక్క. చిన్నప్పుడు రేడియో విప్పి మళ్ళీ బిగించలేక దెబ్బలు తిన్న పిల్లాడు ఈ పరీక్షలో ముందుంటాడు. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ర్యాంకు కోసం ఇంటర్ రెండేళ్ళూ బిట్లు తప్ప ఇంకేదీ ముట్టుకోని పిల్లాడు వెనకబడతాడు. ఇందులో పిల్లాడి తప్పేమీ లేదు, మనం పెంచిన తీరే అలా ఉంది.

ఇంకో భయం. "కళ్ళు మూసుకుంటే నాకేమీ కనబడదండీ, ఇక తిప్పేదేమిటి?" ఇలాంటివాళ్ళు నిజంగానే ఉంటారు. పిక్సార్ స్థాపకుల్లో ఒకరు, కంప్యూటర్ గ్రాఫిక్స్‌కి పునాదులు వేసినవారిలో ఒకరు, ట్యూరింగ్ అవార్డు గ్రహీత ఎడ్ క్యాట్‌మల్. తన మనసులో ఏ బొమ్మా కనబడదని ఆయనే చెప్పారు. బొమ్మ కనబడటం ఒకటి, ఏది దేనికి ఏ పక్కన ఉందో తెలియడం ఇంకొకటి. పరీక్షకి కావలసింది రెండోది.

సాధన ఎలా చేయాలి? యూట్యూబ్‌లో 'ఐదు సెకన్లలో క్యూబ్ ట్రిక్' వీడియోలు చూడటం సాధన కిందికి రాదు. ఒకే పద్ధతి పట్టుకోండి. ముందు ఊహించండి, ఊహించింది కాగితం మీద గీయండి, తర్వాత వస్తువుతో సరిచూడండి. ఈ వరస తప్పకూడదు. ముందే జవాబు చూసి "ఆఁ, నేనూ అదే అనుకున్నా" అనేస్తే బుర్రకి ఎక్కేది సున్నా.

మొదటి పని. గళ్ళ నోటుబుక్కు, కత్తెర తీసుకోండి. తిప్పితే, తిరగేస్తే ఒకటే అయ్యేవాటిని ఒకటిగా లెక్కేస్తే, ఆరు గళ్ళు పక్కపక్కన ఆనించి పేర్చే తీరులు మొత్తం 35 ఉన్నాయి. వాటిలో మడిస్తే మూసిన ఘనంగా తయారయ్యేవి 11 మాత్రమే. అవేమిటో కనిపెట్టండి. గూగుల్ చేయకండి. నాలుగు గళ్ళు వరసగా ఉండి పైన ఒకటి, కింద ఒకటి వేలాడేవి తొందరగానే చిక్కుతాయి. ఈ రకానివి 6. మూడు గళ్ళ వరసకి ఒక పక్క రెండు, ఇంకో పక్క ఒకటి తగిలేవి 3. ఇక మిగిలిన రెండూ పెంకివి. ఒకటి రెండేసి గళ్ళతో మెట్లు దిగినట్టు ఉంటుంది, ఇంకొకటి మూడేసి గళ్ళ వరసలు రెండు పక్కకి జరిగి చివర్లో అంటుకుని ఉంటాయి. కత్తిరించే ముందు ప్రతి పటం మీదా 'అవుతుంది', 'కాదు' అని రాసి మరీ కత్తిరించండి. ఇది ఒక ఆదివారం సాయంత్రం పని. పూర్తయ్యేసరికి విప్పిన డబ్బా ప్రశ్నలంటే భయం సగం పోతుంది.

రెండో పనికి బంగాళాదుంప కావాలి. దాన్ని వీలైనంత సమంగా ఘనంలా చెక్కండి. ఒక మూల మీ ముక్కుకేసి చూసేలా పట్టుకోండి. దానికి సరిగ్గా ఎదురు మూల అవతల ఉంటుంది, మీకు కనబడదు. ఈ రెండు మూలల్నీ కలుపుతూ లోపలినుంచి ఒక గీత ఉందనుకుని, ఆ గీతకి అడ్డంగా, సరిగ్గా నడిమధ్యలో కోయాలి. కోస్తే లోపల ఏ ఆకారం వస్తుంది? ఆగండి, కత్తి పెట్టకండి. ముందు గీయండి. చాలామంది త్రిభుజం గీస్తారు, కొందరు చతురస్రం గీస్తారు. కోసి చూస్తే ఆరు భుజాలు, ఆరూ సమానం. నాలుగు మూలల ముఖాలు తప్ప ఇంకేమీ లేని వస్తువులో ఈ షడ్భుజి ఎక్కడ దాక్కుందో అర్థం చేసుకోవడానికి ఆ రెండు ముక్కల్నీ చాలాసేపు తిప్పి చూస్తారు. అలా చూసిన ఆ సేపే సాధన. తర్వాత క్యారట్ తీసుకోండి. అడ్డంగా, ఏటవాలుగా, పక్క అంచుకి సమాంతరంగా కోయండి. ఇంటర్‌లో కోనిక్స్ అని బట్టీ పట్టిన వక్రాలు వంటింట్లోనే బయటపడతాయి. కూర ఎలాగూ అవుతుంది.

మూడోది రోజువారీ పని. ఇంట్లో వస్తువు ఒకటి తీసుకుని మూడు వ్యూలు గీయండి. సబ్బు పెట్టె, స్విచ్ బోర్డు, ముక్కాలి పీట, ఏదైనా సరే. కాస్త ధైర్యం వచ్చాక లోపలికి దిగే మూత ఉన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకోండి. ఆ మూత కుక్కర్ నోటికన్నా పెద్దది, అయినా లోపలికి దిగుతుంది. ఎందుకు దిగుతుంది? అది గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. ఏ కోణంలో వంచితే దూరుతుంది, లోపల ఎటు తిప్పితే అంచుకి పట్టుకుంటుంది? పెళ్ళైన కొత్తలో దానితో కుస్తీ పట్టనివాళ్ళు తక్కువ. అమ్మ చేతులు ఒక్క క్షణంలో చేసే ఆ కదలికని మూడు బొమ్మల్లో గీసి చూపించండి. గీయగలిగితే మీరు డిజైన్ ఇంటర్వ్యూకి సిద్ధమైనట్టే.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. స్కేలు, డ్రాఫ్టరు అక్కర్లేదు, ఫ్రీహ్యాండ్‌గానే గీయండి. ఒక వ్యూలో కనబడని అంచులు డాటెడ్ లైన్‌తో వేయడం మాత్రం మర్చిపోకండి. బొమ్మ అందంగా ఉందా లేదా అని ఎవరూ చూడరు. దాగి ఉన్న అంచు ఎక్కడ ఉందో మీకు తెలుసని ఆ చుక్కల గీతే చెబుతుంది.

ఇక పరీక్ష హాల్లో. రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ 1971లో 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. పది చిన్న ఘనాలు అతికించి మూడు చోట్ల వంపు తిప్పిన బొమ్మలు జతలుగా చూపించి, రెండూ ఒకటేనా, వేరువేరా అని అడిగారు. రెండు బొమ్మలూ ఒకే కోణంలో ఉంటే జవాబుకి సుమారు ఒక సెకను పట్టింది. 180 డిగ్రీలు తిరిగి ఉంటే నాలుగు నుంచి ఆరు సెకన్లు. మధ్యలో కోణం ఎంత పెరిగితే సమయమూ అంతే సమానంగా పెరుగుతూ పోయింది. అంటే మనసులో బొమ్మని తిప్పడం నిజంగానే తిప్పడంలా జరుగుతుంది, దానికో వేగం ఉంది, ఆ వేగం పరిమితం.

దీనివల్ల మనకేమిటి లాభం? నాలుగు ఆప్షన్లనీ మనసులో తిప్పుతూ కూర్చుంటే టైము అయిపోతుంది. ముందు తిప్పకుండా కొట్టేయగలిగినవి కొట్టేసి, మిగిలిన రెండింటినే తిప్పండి. కొట్టేయడానికి రెండు సూత్రాలు చాలు. విప్పిన పటంలో ఒకే వరసలో మధ్యలో ఒక గడి వదిలి ఉన్న రెండు గళ్ళూ ఎదురెదురు ముఖాలు. అవి రెండూ ఒకే బొమ్మలో కనబడుతున్నాయా, ఆ ఆప్షన్ తప్పు. రెండోది కాస్త సూక్ష్మం. ఘనం మూల దగ్గర మూడు ముఖాలు కలుస్తాయి. ఆ మూలకేసి చూస్తూ, గడియారం ముల్లు తిరిగే దిశలో మూడు గుర్తుల్నీ చదవండి. చుక్క, గీత, నక్షత్రం అనుకుందాం. ఘనాన్ని ఎన్ని వంకలు తిప్పినా ఆ వరస మారదు. ఏ ఆప్షన్‌లోనైనా అదే మూల చుక్క, నక్షత్రం, గీత అని చదవాల్సి వస్తే అది అద్దంలో బొమ్మ. పేపర్ సెట్ చేసినవాళ్ళు వల వేసేది సరిగ్గా ఇక్కడే.

కాగితం మడత ప్రశ్నల్లో వెనక నుంచి రండి. చివర వేసిన మడతని ముందు విప్పాలి. ప్రతి విప్పుకీ మడత గీతకి అటూ ఇటూ రంధ్రాలు జతపడతాయి. రఫ్ పేపరు ఇస్తే చతురస్రం గీసి ఒక్కో అడుగూ వేసుకోండి, మనసులోనే చేయాలన్న పంతం వద్దు. రంగు పూసిన ఘనాన్ని 27 ముక్కలు చేసే లెక్కకి ఫార్ములా బట్టీ పట్టేవాళ్ళని చూస్తే నాకు జాలి. మూలల్లో ఉన్నవాటికి మూడు పక్కల రంగు, అవి 8. అంచుల మధ్య ఉన్నవాటికి రెండు పక్కల, అవి 12. ముఖాల నడుమ ఉన్నవాటికి ఒక పక్క, 6. లోపల దాక్కున్న ఒక్కదానికీ రంగే లేదు. ఒక్కసారి కళ్ళారా చూస్తే ఫార్ములాతో పనేముంది?

ఈ ప్రశ్నలు ఎక్కడెక్కడ ఎదురవుతాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గేట్‌లో 2021 నుంచి జనరల్ ఆప్టిట్యూడ్ సిలబస్‌లో స్పేషియల్ ఆప్టిట్యూడ్ చేర్చారు. ఆకారాల్ని తిప్పడం, జరపడం, అద్దం పెట్టడం, కాగితం మడవడం, కత్తిరించడం అన్నీ అందులో ఉన్నాయి. జనరల్ ఆప్టిట్యూడ్ ఏ బ్రాంచి వాళ్ళయినా రాయాల్సిన 15 మార్కుల భాగం. గేట్ స్కోరు చూసి ఇంజనీర్లని తీసుకునే ప్రభుత్వరంగ సంస్థలు ఉన్నాయి కాబట్టి ఇది ఉద్యోగ పరీక్ష కూడా. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ కావాలంటే రాత పరీక్షల తర్వాత కంప్యూటర్ ఆధారిత ఆప్టిట్యూడ్ టెస్టు ఉంటుంది. అందులో ప్రతి విభాగంలోనూ విడిగా 42 టీ-స్కోరు రావాలి, ఒకదాంట్లో తప్పినా ఇంటికే. పేర్చిన ఇటుకల బొమ్మ చూపించి ఒక ఇటుకని ఎన్ని తాకుతున్నాయని అడిగే రకం ప్రశ్నలు అక్కడివే. డిజైన్ వైపు వెళ్ళేవాళ్ళకి ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్, సీడ్ ఉన్నాయి. ఆర్కిటెక్చర్‌కి నాటా ఉంది. అమెరికాలో పెరుగుతున్న మన తెలుగు పిల్లలు అక్కడ డెంటల్ కాలేజీకి వెళ్ళాలన్నా తప్పించుకోలేరు. ప్రవేశ పరీక్షలో 60 నిమిషాల్లో 90 ప్రశ్నలు ఇలాంటివే. నోట్లో వెనక పన్నుని అద్దంలో చూస్తూ డ్రిల్ పట్టే వృత్తి కదా మరి.

అమ్మాయిలకి ఒక మాట. మనసులో బొమ్మలు తిప్పే పరీక్షల్లో సగటున మగవాళ్ళ స్కోర్లు ఎక్కువగా వస్తున్నాయని చాలా అధ్యయనాలు చెప్పాయి, అది దాచాల్సిన విషయమేమీ కాదు. దాని తర్వాతి వాక్యం మాత్రం ఎవరూ చెప్పరు. 2007లో కెనడాలో జింగ్ ఫెంగ్, ఇయాన్ స్పెన్స్ బృందం యాక్షన్ వీడియో గేమ్ 10 గంటలు ఆడించి మళ్ళీ పరీక్ష పెడితే ఆ తేడా బాగా తగ్గింది. ఆడపిల్లలే ఎక్కువ లాభపడ్డారు. (ఈ పేరా ఇంట్లో చదివి వినిపించబోయే తమ్ముళ్ళకి మనవి: 10 గంటలు అన్నారు, 10 నెలలు అనలేదు.) టైము గట్టిగా బిగిస్తే తేడా పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. కాబట్టి సాధన మొదట్లో గడియారం పక్కన పెట్టేయండి. తప్పు లేకుండా చేయడం వచ్చాకే టైమర్ పెట్టుకోండి.

ఇంటర్వ్యూలో వస్తువు ఇచ్చి గీయమంటే పెన్సిలు పట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "సార్, ఫస్ట్ యాంగిలా, థర్డ్ యాంగిలా?" మన దేశంలో బీఐఎస్ ప్రకారం ఫస్ట్ యాంగిల్, అందులో టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూకి కింద వస్తుంది. అమెరికన్ కంపెనీల డ్రాయింగులు థర్డ్ యాంగిల్, అందులో టాప్ వ్యూ పైన ఉంటుంది. పక్క వ్యూలు కూడా అటుది ఇటు, ఇటుది అటు మారతాయి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్లకి పనిచేసే డిజైన్ ఆఫీసుల్లో రెండు రకాలూ బల్ల మీద తిరుగుతుంటాయి. టైటిల్ బ్లాక్‌లో ఉండే చిన్న కోసిన శంకువు గుర్తు చూడకుండా చదివితే కుడి పక్క రంధ్రం ఎడమ పక్కకి పోతుంది. ఆ ఒక్క ప్రశ్న అడిగిన అభ్యర్థి కేసి ఇంటర్వ్యూ బోర్డు చూసే చూపు మారుతుంది. గీస్తున్నప్పుడు మౌనంగా ఉండకండి. "ఈ గాడి ఇటునుంచి కనబడదు, అందుకని డాటెడ్‌లో వేస్తున్నాను" అని పైకి అనండి. తప్పు చేసినా మీ ఆలోచన ఎక్కడిదాకా సరిగ్గా వచ్చిందో వాళ్ళకి తెలుస్తుంది. రెజ్యూమెలో 'గుడ్ విజువలైజేషన్ స్కిల్స్' అన్న లైను తీసేయండి, అది అందరూ రాసేదే. దానికి బదులు మీ స్కెచ్‌బుక్కు ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి. పేజీలు తిప్పుతూ కుక్కర్ మూత దగ్గర ఆగని ఇంజనీరు ఉండడు.

ఇప్పుడు బల్లకి అవతల కూర్చునేవాళ్ళ సంగతి. ఈ పరీక్షలు ఊరికే పుట్టలేదు. అమెరికాలో 1960లో మొదలైన 'ప్రాజెక్ట్ టాలెంట్'లో 4 లక్షల మంది హైస్కూలు పిల్లల సామర్థ్యాలు కొలిచి, పదకొండేళ్ళ తర్వాత వాళ్ళు ఏం చేస్తున్నారో చూశారు. జొనాథన్ వాయ్, డేవిడ్ లుబిన్‌స్కీ, కెమిలా బెన్‌బో 2009లో ఆ వివరాలు విశ్లేషిస్తే, సైన్సు, ఇంజనీరింగ్ వైపు వెళ్ళి నిలబడ్డవాళ్ళలో ఈ శక్తి చిన్నప్పుడే ఎక్కువగా ఉందని తేలింది. మాటలు, లెక్కలు మాత్రమే చూస్తే ఎవరు జారిపోతారో చెప్పే ముచ్చట ఒకటి ఉంది. 1921లో లూయిస్ టెర్మన్ కాలిఫోర్నియాలో మేధావి పిల్లల్ని ఏరే పని మొదలుపెట్టారు. మాటల మీద ఎక్కువ ఆధారపడ్డ ఆ జల్లెడలోంచి ఇద్దరు పిల్లలు కిందికి రాలిపోయారు. ఒకరు విలియం షాక్లీ, ఇంకొకరు లూయిస్ అల్వారెజ్. తర్వాత ఇద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, 1956లో ఒకరికి, 1968లో ఇంకొకరికి. జల్లెడలో నిలిచిన పిల్లల్లో ఒక్కరికీ రాలేదు.

అలాగని మార్కెట్లో దొరికే టెస్టు కొనేసి అందరి ముందూ పడేయడం సరికాదు. నార్త్ కెరొలినాలో డ్యూక్ పవర్ అనే విద్యుత్ కంపెనీ ఉండేది. ఉద్యోగాల్లో జాతి వివక్షని నిషేధించే చట్టం అమల్లోకి వచ్చిన 1965 జులై 2నే అది మంచి విభాగాల్లో చేరాలంటే రెండు పరీక్షలు పాసవ్వాలని నిబంధన పెట్టింది. అందులో ఒకటి కప్పీలు, గేర్ల బొమ్మలు చూపించి అడిగే బెనెట్ మెకానికల్ కాంప్రహెన్షన్ టెస్టు. నల్లజాతి కార్మికులు కోర్టుకెక్కారు. ఆ పరీక్షలు లేకుండానే అంతకుముందు చేరిన తెల్లవాళ్ళు అదే పని చక్కగా చేసుకుపోతున్నారు. మరి పరీక్ష దేనికి? పనికీ పరీక్షకీ సంబంధం చూపించలేకపోతే, ఒక వర్గాన్ని తోసేసే ఆ పరీక్ష చెల్లదని 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. గ్రిగ్స్ కేసుగా ఇప్పటికీ ప్రసిద్ధం.

మన దగ్గర ఇంకో రోగం ఉంది. వెబ్‌సైట్‌లో బటన్లు పేర్చే ఉద్యోగానికి ఘనాలు తిప్పమంటారు, పైపింగ్ డిజైన్ ఉద్యోగానికి ఇంగ్లీషు గ్రామర్ అడుగుతారు. మీకు కావలసింది పైపింగ్ డిజైనర్ అయితే మీ ఆఫీసు బీరువాలోంచి పాత ఐసోమెట్రిక్ డ్రాయింగ్ ఒకటి తీయండి. క్లయింటు పేరు చెరిపేసి, అందులో కావాలని మూడు తప్పులు పెట్టండి. ఒక ఎల్బో తప్పు దిక్కుకి తిప్పండి, ఒక వాల్వు చెయ్యి అందని చోట పెట్టండి, ఒక పైపుని బీములోంచి పోనివ్వండి. అభ్యర్థికి ఇరవై నిమిషాలు, పెన్సిలు, తెల్లకాగితం ఇవ్వండి. దొరికిన తప్పుల లెక్కతో పాటు ఎలా వెతికాడో కూడా చూడండి. కాగితం తిప్పి చూశాడా, పక్కన చిన్న బొమ్మ వేసుకున్నాడా, "ఈ వాల్వుకి మనిషి ఎక్కడ నిలబడతాడు సార్?" అని అడిగాడా. గడువు ముగిశాక ఓ తప్పు మీరే చూపించి, సరిచేయడానికి ఇంకో ఐదు నిమిషాలు ఇవ్వండి. నేర్చుకునే మనిషి అక్కడ బయటపడతాడు, ఆ ఐదు నిమిషాలకీ మార్కులు వేయండి. ఈ పేపర్ని అభ్యర్థులకి ఇచ్చే ముందు మాత్రం మీ టీములో బాగా పనిచేస్తారని మీరు నమ్మే ఇద్దరికి ఇచ్చి చూడండి. వాళ్ళకే దొరక్కపోతే పేపరు మార్చండి.